ఒకే తల్లి చామంతి నుంచి తీసిన కటింగ్‌లు బెట్ట తర్వాత ఒక్కోటి ఒక్కోలా పెరుగుతున్నాయి, జన్యువులు మారిపోయాయా?

పెరటిపిలక:

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టే, కానీ వివరాలు లేకుండా అడిగితే ఎవరూ ఏమీ చెప్పలేరు కాబట్టి మొత్తం రాస్తున్నాను.

నా దగ్గర ఒక గులాబీ రంగు చామంతి ఉంది, నాలుగేళ్లుగా అదే మొక్కను కటింగ్‌లతో నిలబెట్టుకుంటూ వస్తున్నాను. ఈసారి ఆ ఒక్క తల్లి మొక్క నుంచే 30 కటింగ్‌లు తీసి కోకోపీట్ ట్రేలో పెట్టాను. కొన్ని పెద్ద కొమ్మల చివర్ల నుంచి తీసినవి, కొన్ని మొదట్లో వచ్చిన పిలకలు. ఎల్ఈడీ లైట్ల కింద, టైమర్ పెట్టి రోజుకు 16 గంటల వెలుతురు. రెండు వారాలకల్లా దాదాపు అన్నిటికీ వేర్లు వచ్చాయి, చిన్న కుండీల్లోకి మార్చాను, అంతవరకు అన్నీ ఒకేలా, పక్కపక్కన పెడితే తేడా కనిపెట్టలేనంత ఒకేలా ఉన్నాయి.

తర్వాత నేను ఐదు రోజులు ఊళ్లో లేను. ఆ సమయంలోనే నీళ్లు వదిలే పంపు ఆగిపోయింది, దానితో పాటే ఫ్యాన్ కూడా. తిరిగి వచ్చి చూసేసరికి గదిలో 39 డిగ్రీలు, కోకోపీట్ అట్టలా ఎండిపోయి కుండీ అంచుల నుంచి విడిపోయింది, మొక్కలన్నీ తలలు వాల్చేశాయి. నాలుగు చచ్చిపోయాయి. మిగతా 26 కుండీలను నీళ్ల తొట్టిలో నిలబెట్టి తడిపి, భయంతో వెంటనే చల్లగా ఉండే వేరే గదిలోకి మార్చాను. అక్కడ కూడా 16 గంటల లైటే, కానీ పాత లైటు, వెలుతురు బాగా తక్కువ.

ఇది జరిగి ఏడు వారాలు. ఇప్పుడు పరిస్థితి ఏమిటంటే, 12 మొక్కలు బాగానే ఉన్నాయి, కణుపులు కాస్త దగ్గరదగ్గరగా ఉన్నాయంతే. ఏడింటికి మాత్రం చామంతి ఆకులా గంట్లు గంట్లుగా కాకుండా సన్నగా, పట్టీల్లా నున్నటి అంచుతో ఆకులు వచ్చి, పైన ఒకే ఒక్క మొగ్గ కట్టి అక్కడే ఆగిపోయాయి. మొగ్గ విచ్చుకోదు, రాలదు. నాలుగు మొక్కలు అసలు పైకి లేవడమే లేదు, ముల్లంగి మొక్కలా ఆకులన్నీ నేలకు అంటుకుని గుత్తిగా ఉన్నాయి. రెండు మరీ చిన్నవిగా, పాలిపోయిన ఆకులతో గిడసబారిపోయాయి. ఇంకొకటైతే విచిత్రం, కాండానికి ఒక వైపు వచ్చే ఆకులన్నిటికీ తెల్లటి అంచు, రెండో వైపు మామూలు పచ్చ.

ఒకే తల్లి, ఒకే కత్తెర, ఒకే ట్రే, ఒకే రోజు. క్లోన్‌లు అంటే అన్నీ ఒకటే కదా, మరి ఇంత తేడా ఎలా వస్తుంది? ఆ ఐదు రోజుల ఎండకు జన్యువులే మారిపోయాయా? బాగున్న 12 నుంచి మళ్లీ కటింగ్‌లు తీసుకుని మిగతావి పారేయాలా? ఈ చామంతి నాకు చాలా ముఖ్యమైనది, ఇంకెక్కడా దొరకదు, అందుకే తొందరపడి ఏమీ చేయదలుచుకోలేదు.

మట్టివాసన:

ముందుగా ఒక మాట, దయచేసి దేన్నీ పారేయకండి, అలాగని ఎరువు కూడా వేయకండి. బెట్ట తగిలిన మొక్కకు బలం ఇద్దామని అందరం చేసే పొరపాటు అదే. వేరు చివర్లు ఎండిపోయి ఉంటాయి, అలాంటప్పుడు ఉప్పు ఎక్కువైతే ఉన్న వేరు కూడా మాడుతుంది.

పట్టీ ఆకులు అన్నారు కాబట్టి ఒకటి అడగాలి, కోకోపీట్‌లో పశువుల ఎరువు గానీ బయట కొన్న కంపోస్ట్ గానీ ఏమైనా కలిపారా? గడ్డి మీద కొట్టే కొన్ని రకాల కలుపు మందులు గడ్డిలో నుంచి పశువు పొట్టలోకి, అక్కడి నుంచి పేడలోకి, కంపోస్ట్‌లోకి కూడా చెడిపోకుండా వచ్చేస్తాయి. అమైనోపైరాలిడ్, క్లోపైరాలిడ్ అలాంటివే. చామంతి, పొద్దుతిరుగుడు కుటుంబానికి వాటి దెబ్బ బాగా తగులుతుంది, ఆకులు సన్నబడి మెలికలు తిరుగుతాయి. నేనొకసారి ఒక సీజన్ మొత్తం దీనికే పోగొట్టుకున్నాను, అందుకే అడుగుతున్నాను.

రెండోది, భూతద్దంతో చిగుళ్లు చూడండి. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగులు, కిందికి ముడుచుకుంటే తెల్లనల్లి అని మిరప రైతులు చెప్పే గుర్తు చాలా మొక్కలకు పనికొస్తుంది. తెల్లనల్లి మామూలు కంటికి కనిపించదు, మిల్లీమీటరులో ఐదో వంతు ఉంటుందేమో అంతే. వేడి తగిలి నీరసించిన లేత చిగుళ్ల మీదే ముందు పడుతుంది.

నీలిచామంతి:

ఇది ఎపిజెనెటిక్స్ అండి. ఒత్తిడికి గురైన మొక్క డీఎన్ఏ మీద గుర్తులు పడతాయి, అవి క్లోన్‌లకు కూడా వెళ్తాయి. అంటే మీ 26 మొక్కలూ ఇప్పుడు ఒక రకంగా వేర్వేరు మొక్కలు. పాత మొక్క తిరిగి రాదు. బాగున్నవాటిని ఎంచుకుని ముందుకు వెళ్లడమే మార్గం, పైగా బెట్టను తట్టుకున్న 12 నుంచి తీసినవి ఇకపై బెట్టను బాగా తట్టుకుంటాయి.

వేరుదారి:

నీలిచామంతి గారు చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది, కానీ ఆ మాట మీద ఆధారపడి మొక్కలు పారేస్తే బాధాకరం కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ఎపిజెనెటిక్ గుర్తులు నిజమే. 2011లో పాప్లర్ చెట్ల మీద వచ్చిన ఒక పరిశోధన ఉంది, ఒకే క్లోన్ కర్రలను కెనడాలో రెండు వేర్వేరు ప్రాంతాల్లో పెరిగిన చెట్ల నుంచి తెచ్చి ఒకే గదిలో పెంచి నీళ్లు ఆపితే, కొన్ని క్లోన్‌లలో ఎక్కడి నుంచి వచ్చిందో దాన్ని బట్టి జన్యువుల స్పందన మారింది. ఇంకా గట్టి ఉదాహరణ ఆయిల్ పామ్. టిష్యూ కల్చర్‌లో, అంటే ల్యాబ్‌లో చిన్న కణజాలం ముక్క నుంచి తయారుచేసిన మొక్కల్లో కొన్ని పెద్దయ్యాక వికృతమైన కాయలు కాసేవి, తోటలకు తోటలు నష్టపోయాయి. దానికి కారణం కర్మ అనే ఒక జన్యు భాగం మీద ఉండాల్సిన మిథైల్ అనే చిన్న రసాయన గుర్తు చెరిగిపోవడమేనని 2015లో తేలింది. అక్షరాలు మారలేదు, అక్షరాల మీది గుర్తు పోయింది, అంతే. కాబట్టి అసలు జరగదు అని నేను అనను.

కానీ ఐదు రోజుల బెట్టకు 26 మొక్కలు నాలుగైదు స్పష్టమైన గుంపులుగా విడిపోవడానికి అది అవసరం లేదు. గుర్తులు అడ్డదిడ్డంగా పడి ఉంటే మార్పులు కూడా అడ్డదిడ్డంగా ఉండాలి. ఇక్కడ ఏడు మొక్కలు అచ్చంగా ఒకేలా పట్టీ ఆకు, ఒకే మొగ్గ. నాలుగు అచ్చంగా ఒకేలా నేలబారు. ఇలా గుంపులుగా వచ్చిందంటే ఆ గుంపుల వెనక ఇంకేదో ఉమ్మడి చరిత్ర ఉంది. నా అనుమానం, కటింగ్ మొక్కలో ఏ భాగం నుంచి వచ్చిందో అదే ఆ చరిత్ర.

క్లోన్ అంటే జన్యువులు ఒకటే అని మాత్రమే అర్థం, వయసు ఒకటే అని కాదు. అరకేరియా చెట్టు పక్క కొమ్మను నాటితే వేరు వస్తుంది, బతుకుతుంది, కానీ ఏళ్ల తరబడి పక్కకే పెరుగుతుంది, నిటారుగా లేవదు. కాఫీలో కూడా పక్క కొమ్మ కటింగ్ పక్కకే పాకుతుంది. పాకుడు ఐవీ సంగతి తెలిసే ఉంటుంది, గోడ మీద పాకే లేత దశ ఆకు వేరు, పూత దశకు వచ్చిన కొమ్మ ఆకు వేరు, పూత దశ కొమ్మ నుంచి కటింగ్ తీస్తే వచ్చే మొక్క పొదలా పెరుగుతుంది గానీ పాకదు. వీటిలో ఒక్కదానిలోనూ జన్యువు మారలేదు. ఆ కొమ్మ తానెక్కడ ఉండేదో, ఎంత పెద్దదో దాని కొనలోని కణాలకు గుర్తుంది, వేరు వచ్చినా ఆ గుర్తు పోలేదు.

ఇక బెట్ట ఏం చేస్తుందో చూద్దాం. నీళ్లు తగ్గితే మొట్టమొదట ఆగేది కణాలు సాగడం, ఆకు వాడటం కంటే చాలా ముందే. అందుకే మీ 12 మొక్కల కణుపులు దగ్గరదగ్గరగా ఉన్నాయి, ఆ రోజుల్లో సాగాల్సిన కాండం సాగలేదు, ఇప్పుడు నీళ్లు ఇచ్చినా ఆ ముక్క మళ్లీ సాగదు, దాని పైన వచ్చేది మాత్రం మామూలుగా వస్తుంది. తర్వాత వేరు చివర్లు పోతాయి. సైటోకైనిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది అక్కడే, అది పైకి రాకపోతే చిగురు మందగిస్తుంది. కాల్షియం కూడా నీళ్లతో పాటే పైకి వెళ్లాలి, చిగురు దాకా అందకపోతే కొత్త ఆకు వంకర తిరుగుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది, చాలామంది పట్టించుకోనిది ఒకటుంది. ఈరోజు మీ కళ్ల ముందు విప్పుకునే ఆకు ఈరోజు తయారైంది కాదు. కొన్ని వారాల కిందే కొనలో సూదిమొన అంత ఉన్నప్పుడే దాని గంట్లు, ఆకారం చాలావరకు నిర్ణయమైపోయాయి. బెట్ట రోజుల్లో మొగ్గలో ఉన్న ఆకులు ఆ దెబ్బతోనే బయటికి వస్తాయి, అందుకే నీళ్లు పోసి నెల దాటినా వంకర ఆకులే వస్తున్నాయని కంగారు పడతాం. ఆకులు లెక్కపెట్టండి. బెట్ట తర్వాత పది పన్నెండు ఆకులు దాటాక కూడా మారకపోతే అప్పుడు వేరే కారణం వెతకాలి.

బెట్టను తట్టుకున్నవాటి నుంచి తీసిన కటింగ్‌లు ఇకపై బాగా తట్టుకుంటాయి అన్నది మాత్రం నమ్మి ముందుకు వెళ్లొద్దు. ఆ 12 బతికింది కుండీ కాస్త తడిగా ఉండటం వల్లో, వేరు రెండు రోజులు ముందు రావడం వల్లో కావచ్చు.

పెరటిపిలక గారూ, ఏ మొక్క ఏ భాగం నుంచి తీశారో రాసి పెట్టుకున్నారా?

పెరటిపిలక:

వేరుదారి గారూ, ట్రేలో వరసల వారీగా పెట్టాను, కుండీల మీద వరస నంబర్ ఉంది, మీరు అడిగాక కూర్చుని ఒక్కోటి చూశాను. చూశాక నిజంగా చేతులు వణికాయి.

పట్టీ ఆకుల ఏడూ తల్లి మొక్క పొడవాటి పాత కొమ్మల చివర్ల నుంచి తీసినవే, ఏడుకి ఏడు. ఆ కొమ్మల తలలు నేను చాలా కాలంగా తుంచలేదు. నేలబారుగా ఉన్న నాలుగూ పిలకలే. బాగున్న 12లో పది లేత పక్క కొమ్మలు, రెండు పిలకలు. గిడసబారిన రెండింటిలో ఒకటి పక్క కొమ్మ, ఒకటి పాత కొమ్మ. తెల్ల అంచుది పక్క కొమ్మే, బెట్టకు దాని తల ఎండిపోతే కింద కణుపు నుంచి కొత్త చిగురు వచ్చింది.

మట్టివాసన గారూ, కంపోస్ట్ ఏమీ కలపలేదు, కడిగిన కోకోపీట్, పెర్లైట్ మాత్రమే. భూతద్దంతో కూడా చూశాను, నల్లి లేదు, పేనుబంక రెండు మొక్కల మీద కొంచెం ఉంటే తుడిచేశాను.

కణుపుచూపు:

ఇప్పుడు బొమ్మ స్పష్టంగా ఉంది. చామంతి కటింగ్‌లతో చాలా ఏళ్లు గడిపినవాడిని, నాకు తెలిసినంత చెబుతాను.

చామంతి తక్కువ పగలు ఉంటే పూసే మొక్క, రాత్రి పొడవైతేనే మొగ్గ కడుతుంది. అందుకే తల్లి మొక్కలను పెంచేవాళ్లు రోజుకు 16 గంటల వెలుతురు ఇచ్చో, అర్ధరాత్రి కాసేపు లైటు వేసి చీకటిని విరగ్గొట్టో వాటిని ఆకుల దశలోనే ఉంచుతారు. మీరు చేసింది సరైనదే. కానీ ఇందులో ఒక మెలిక ఉంది. వెలుతురు ఎంత ఇచ్చినా ఒక కొన కొన్ని ఆకులు వేశాక ఇక ఆగలేక మొగ్గ కట్టేస్తుంది, ఒక్కో రకానికి ఒక్కో లెక్క. తలలు తుంచకుండా వదిలేసిన పాత కొమ్మ కొన అప్పటికే ఆ లెక్కకు దగ్గరగా వచ్చేసి ఉంటుంది. దాన్ని కోసి నాటితే వేరు కొత్తది, లెక్క మాత్రం పాతదే, మళ్లీ సున్నా నుంచి మొదలవదు. మీ ఏడు కటింగ్‌లు కుండీలోకి వచ్చేసరికే మొగ్గ ఆలోచనలో ఉన్నాయి.

మొగ్గ అయితే మొదలైంది గానీ అది పువ్వుగా ఎదగాలంటే పొడవైన రాత్రి కావాలి, మీ దగ్గర 16 గంటల వెలుతురు. అందుకే అటూ ఇటూ కాకుండా ఆగిపోయింది. అలాంటి మొగ్గ కింద వచ్చే ఆకులు గంట్లు లేకుండా పట్టీల్లా వస్తాయి, దీన్ని క్రౌన్ బడ్ అంటారు, తోటల్లో పనిచేసేవాళ్లు ఆకు చూసే గుర్తుపడతారు. అంటే ఈ ఏడు మొక్కల విషయంలో బెట్ట అసలు దోషే కాకపోవచ్చు, పెరుగుదలను కొన్నాళ్లు ఆపి విషయాన్ని బయటపెట్టిందంతే.

చేయాల్సింది చిన్న పని. ఆ మొగ్గను, దాని కింద ఉన్న పట్టీ ఆకులతో సహా, మంచి గంట్లున్న ఆకు దాకా తుంచేయండి. కింద కణుపుల నుంచి వచ్చే పక్క చిగుళ్లు ఆకుల లెక్క కొత్తగా మొదలుపెడతాయి. మొగ్గ ఒక్కటే గిల్లి పట్టీ ఆకులు వదిలేస్తే, వాటి మొదళ్ల నుంచి వచ్చే చిగుళ్లు కూడా తొందరపడి మొగ్గ కట్టే అవకాశం ఎక్కువ.

ఇక నేలబారు నాలుగు. పిలకలు ఎండాకాలపు వేడి తిని, ఆ తర్వాత చల్లదనం, తక్కువ వెలుతురు తగిలితే కాండం సాగడం మానేసి గుత్తిగా కూర్చుంటాయి, దాన్ని రోసెట్ అంటాం. ప్రకృతిలో ఇది చలికాలం దాటడానికి మొక్క వేసుకునే దారి. మీరు 39 డిగ్రీల నుంచి తీసి నేరుగా చల్లని, వెలుతురు తక్కువున్న గదిలో పెట్టారు చూడండి, తెలియకుండానే దానికి సరిగ్గా సరిపోయే పరిస్థితి తయారుచేశారు. వేడి మీద జాలితో చల్లదనం ఇవ్వడం తప్పని నేను అనను, ఎవరైనా అదే చేస్తారు, కానీ దానితో పాటు వెలుతురు తగ్గకుండా చూసుకోవాల్సింది. ఇవి చచ్చిన మొక్కలు కావు. కొన్ని వారాలు బాగా చల్లగా ఉంచి తర్వాత మంచి వెలుతురు, మామూలు వేడి ఇస్తే లేస్తాయి. జిబ్బరెల్లిక్ ఆసిడ్ కొట్టినా సాగుతాయి, కానీ ఇంత ఇష్టమైన మొక్క మీద కొలత తెలియకుండా హార్మోన్ కొట్టమని నేను చెప్పలేను, ఓపిక పట్టడమే మంచిది.

తెల్ల అంచు మొక్క గురించి కూడా చెప్పాలి, అది చాలా అందమైన విషయం. చామంతి కొనలో కణాలు మూడు పొరలుగా ఉంటాయి, ఒక్కో పొర ఎవరి దారిన వారు పెరుగుతారు. ఏదో ఒక పొరలో ఎప్పుడో ఒక కణం మారి ఉంటే ఆ పొర నుంచి వచ్చే భాగం మొత్తం తేడాగా వస్తుంది, రెండు రకాల కణాలు ఒకే మొక్కలో కలిసి బతుకుతాయి. ఇలా పుట్టిన చామంతి రకాలు ఎన్నో ఉన్నాయి, ఒకే కుటుంబంలో గులాబీ, పసుపు, కంచు రంగులు రావడానికి ఇదే దారి. మీ మొక్కలో ఆ మారిన ముక్క ముందే దాగి ఉండొచ్చు, తల ఎండిపోయి పక్క కణుపు లేచినప్పుడు ఆ కణుపు సరిగ్గా ఆ ముక్క అంచున ఉంది కాబట్టి బయటపడింది. మీరు అడిగిన 'జన్యువు మారిందా' అన్న ప్రశ్నకు అవును అని చెప్పగలిగింది 26లో ఈ ఒక్కదానికే, అది కూడా బెట్టే మార్చిందని చెప్పలేం. తెల్ల అంచు వైపు కణుపు నుంచి విడిగా కటింగ్ తీసి పేరు రాసి పెట్టుకోండి.

ఆకుడైరీ:

పక్క మొక్క సంగతి అయినా ఇక్కడ పనికొస్తుందని రాస్తున్నాను. గంజాయి జాతి మొక్క కూడా చామంతిలాగే పొడవైన రాత్రికి పూసేది, నార కోసం పెంచే హెంప్ మీద చదువుతున్నప్పుడు ఇదే చూశాను. పూతకు వచ్చిన కొమ్మ నుంచి కటింగ్ తీసి మళ్లీ ఎక్కువ వెలుతురులో పెడితే, ఐదు, ఏడు రెక్కలుగా చీలాల్సిన ఆకు కొన్ని వారాల పాటు ఒకే రెక్కతో, నున్నటి అంచుతో, మెలి తిరిగి వస్తుంది, తర్వాత మూడు, ఆ తర్వాత ఐదు రెక్కలతో మామూలు ఆకు తిరిగి వస్తుంది. మొదటిసారి చూసినవాళ్లు జన్యువు పాడైందనే అనుకుంటారు. పూత దశ నుంచి ఆకుల దశకు వెనక్కి నడుస్తున్నప్పుడు ఆకు ఆకారం కూడా మెట్టు మెట్టుగా నడుస్తుంది, అంతే.

కానీ అదే జాతిలో ఇంకో విషయం కూడా ఉంది, ఆ గిడసబారిన రెండు మొక్కల గురించి చదివినప్పటి నుంచి అదే మనసులో మెదులుతోంది. హాప్ లేటెంట్ వైరాయిడ్ అనే సూక్ష్మమైన రోగకారకం ఒకటి, బీరులో వాడే హాప్స్ తీగల్లో ముందు నుంచీ ఉన్నదే, 2019లో గంజాయి జాతిలో గిడసబారుడుకు కారణమని బయటపడింది. అప్పటిదాకా చాలామంది అది ఒత్తిడి వల్లే, క్లోన్ ముసలిదైపోయింది అనుకుంటూ అదే తల్లి నుంచి కటింగ్‌లు తీస్తూ పోయారు. చామంతికీ అలాంటిదే ఉంది కదా?

వేరుదారి:

ఉంది, ఆకుడైరీ గారు సరైన చోట చెయ్యి పెట్టారు. నేనే ముందు రాయాల్సింది.

చామంతి స్టంట్ వైరాయిడ్. వైరాయిడ్ అంటే వైరస్ కంటే కూడా చిన్నది, పైన ప్రొటీన్ తొడుగు కూడా లేని ఉత్త ఆర్ఎన్ఏ వలయం, చామంతిదైతే దాదాపు 355 అక్షరాల పొడవు. బంగాళదుంపలో ఇలాంటిది ఉందని 1971లో థియోడర్ డైనర్ చూపించేదాకా ఇంత చిన్న వస్తువు రోగం తేగలదని ఎవరూ అనుకోలేదు. చామంతిలో ఇది ఉంటే మొక్క పొట్టిగా, ఆకు చిన్నదిగా పాలిపోయి, పువ్వు చిన్నదై, రంగు వెలిసిపోయి, ఒక్కోసారి ముందుగానే పూస్తుంది. బెట్ట దెబ్బ కూడా చూడటానికి అచ్చం ఇలాగే ఉంటుంది, అందుకే మోసపోతాం. తేడా ఒక్కటే, బెట్ట దెబ్బ కొత్త చిగుళ్లతో మాసిపోతుంది, ఇది మాసిపోదు.

పెరటిపిలక గారూ, ఇక్కడ మీరు జాగ్రత్తగా వినాలి. మీ మొదటి పోస్టులో 'ఒకే కత్తెర' అన్నారు. ఈ వైరాయిడ్ పాకేది రసం ద్వారా, అంటే కత్తెర, గోళ్లు, చేతులు. పైగా సోకిన తర్వాత లక్షణం కనపడటానికి నెలలు పట్టవచ్చు, కొన్ని రకాల్లో అసలు కనపడదు. వేడి, మంచి వెలుతురు తగిలితే త్వరగా బయటపడుతుంది, అంటే మీ 39 డిగ్రీలు దాగి ఉన్నదాన్ని పైకి తెచ్చి ఉండొచ్చు. కాబట్టి ఆ రెండు మొక్కల్లో అదే ఉంటే, తల్లి మొక్కలోనే ఉండి ఉండాలి, లేదా ఆ రోజు కత్తెరతో ఒకదాని నుంచి ఒకదానికి వెళ్లి ఉండాలి. రెండు రకాలుగా చూసినా, బాగున్నాయని మీరు అనుకుంటున్న 12 కూడా అనుమానంలోనే ఉన్నట్టు. వాటి నుంచి ఇప్పుడు కటింగ్‌లు తీయొద్దు. తలలు తుంచాలన్నా మొక్కకూ మొక్కకూ మధ్య చేతులు సబ్బుతో కడుక్కోండి, కత్తెర మార్చండి.

స్పిరిట్‌తో తుడిస్తే చాలు అనుకోవద్దు, వైరాయిడ్‌కు అది సరిపోదు, మంటలో ఒకసారి తిప్పి తీసినా నమ్మలేం. ఇంట్లో వాడే బ్లీచ్ ద్రావణం ఒక వంతు, నీళ్లు తొమ్మిది వంతులు, ఏ రోజుకు ఆ రోజు కలుపుకుని కత్తెరను అందులో ఒక నిమిషం పైన ముంచి, తర్వాత నీళ్లతో కడిగి తుడవాలి, లేకపోతే తుప్పు పడుతుంది. రెండు కత్తెరలు పెట్టుకుంటే ఒకటి నానుతుంటే ఇంకోటి వాడుకోవచ్చు.

పరీక్ష ఒక్కటే నిజం చెబుతుంది, ఆర్‌టీ పీసీఆర్. లేత ఆకు పంపితే చాలు. గిడసబారిన రెండూ, తల్లి మొక్క, బాగున్నవాటిలో రెండు మూడు పంపండి. తల్లి ఇంకా ఉంది కదా?

మట్టివాసన:

పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆ రెండింటినీ వేరే గదిలో, వేరే నీళ్ల తొట్టితో పెట్టండి. మిగతావన్నీ ఒకే తొట్టిలో నిలబెట్టి తడపడం కూడా మానేయండి, వేర్ల నుంచి వేర్లకు నీళ్లు కలవకుండా ఒక్కోదానికి పైనుంచి పోయండి. వైరాయిడ్ పాజిటివ్ వస్తే వేడి చికిత్స చేద్దామని ఎవరైనా చెబితే వినకండి, అది వైరస్‌లకు పనికొస్తుంది, వైరాయిడ్ వేడిలో ఇంకా పెరుగుతుంది.

పెరటిపిలక:

ఆరు వారాల తర్వాత వస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి, ఫలితాల కోసం ఆగాను.

పట్టీ ఆకుల ఏడింటినీ కణుపుచూపు గారు చెప్పినట్టు మంచి ఆకు దాకా తుంచాను, మొక్కకూ మొక్కకూ మధ్య కత్తెర బ్లీచ్‌లో ముంచుతూ. ఆరింటికి పక్క చిగుళ్లు వచ్చాయి, మొదటి రెండు ఆకులు కాస్త సన్నగా వచ్చినా మూడో ఆకు నుంచి అసలైన చామంతి ఆకు. ఏడోది రెండు చోట్ల మళ్లీ మొగ్గ కట్టింది, నేను పట్టీ ఆకు ఒకటి వదిలేశానని తర్వాత చూసుకున్నాను, మళ్లీ కిందికి తుంచాను. నేలబారు వాటిలో మూడు లేచాయి, ఒకటి ఇంకా అలాగే ఉంది. తెల్ల అంచు మొక్క నుంచి ఒకే ఒక కటింగ్ తీసి పెట్టాను, వేరు వచ్చింది, రెండు ఆకులకు అంచు కనిపిస్తోంది.

ఇక పరీక్ష. ఆరు నమూనాలు పంపాను. తల్లి మొక్క నెగటివ్. గిడసబారిన రెండింటిలో ఒకటి పాజిటివ్, ఒకటి నెగటివ్. బాగున్నవని పంపిన మూడింటిలో ఒకటి పాజిటివ్, చూడటానికి అన్నిటికంటే ఆరోగ్యంగా ఉన్నది అదే, నేను మొదట కటింగ్‌లు తీద్దామనుకున్నది కూడా దాని నుంచే. ట్రేలో ఆ రెండూ పక్కపక్కన ఉండేవి. అదే రోజు వేరే చోటి నుంచి తెచ్చిన ఇంకో చామంతిని కూడా అదే కత్తెరతో కత్తిరించాను, అది ఇప్పుడు గుర్తొచ్చింది. దాన్ని కూడా పరీక్షకు పంపాను.

పాజిటివ్ వచ్చిన రెండింటినీ కుండీలతో సహా తీసేశాను. నెగటివ్ వచ్చిన గిడస మొక్కను తీసి వేర్లు చూస్తే సగం వేర్లు గోధుమ రంగులో పీచులా ఉన్నాయి, వాటిని తీసేసి కొత్త కోకోపీట్‌లో పెడితే ఇప్పుడు పచ్చబడుతోంది. వేరుదారి గారూ, తల్లికి ఒక్కసారి నెగటివ్ వస్తే సరిపోతుందా, మళ్లీ చేయించాలా?

వేరుదారి:

మళ్లీ చేయించండి. రెండు మూడు నెలల తర్వాత, ఈసారి ఒక్క ఆకు కాకుండా మూడు నాలుగు కొమ్మల నుంచి లేత ఆకులు కలిపి పంపండి, వైరాయిడ్ మొక్క అంతటా సమానంగా ఉండదు, కొత్తగా సోకితే ఒక కొమ్మలోనే ఉండొచ్చు. మిగిలిన 24లో పరీక్షించనివి చాలా ఉన్నాయి కాబట్టి వాటిని కూడా ఆ లోపు కదపకండి. తర్వాతి కటింగ్‌లు రెండోసారి కూడా నెగటివ్ వచ్చిన తల్లి నుంచే, తలలు తుంచాక వచ్చిన లేత పక్క కొమ్మల నుంచే తీయండి. వేరే చోటి నుంచి తెచ్చిన చామంతి ఫలితం రాగానే ఇక్కడ రాయండి.